మూడు కాళ్ల ట్యాంకుని నీతి అడక్కండి

చిన్నప్పుడు వేసిన బొమ్మ ఒకదాన్ని పట్టుకుని ఆరు నిమిషాల యానిమేషన్ సినిమా చేస్తున్నానని చెబితే అందరూ ముందు "భలే ఉంది" అంటారు, వెంటనే "ఇంతకీ మెసేజ్ ఏంటి?" అంటారు. కథ ఏంటని మాత్రం అడగరు. డాబా మీది సింటెక్స్ ట్యాంకు ఒకటి తాను ఏనుగునని నమ్ముతుంది, ఒకరోజు లేచి నడవడం మొదలుపెడుతుంది, అని నేను చెప్పడం పూర్తికాకముందే ఎదుటివాళ్ల బుర్రలో ముగింపు తయారైపోయి ఉంటుంది. ఆ ముగింపులు కూడా రెండే రకాలు. ఒకదాంట్లో ట్యాంకు తాను ట్యాంకునేనని గ్రహించి, నలుగురికీ నీళ్లివ్వడంలోనే తన గొప్పతనం ఉందని తెలుసుకుని, బుద్ధిగా మళ్లీ డాబా ఎక్కి కూర్చుంటుంది. రెండోదాంట్లో నమ్మకం గట్టిది కాబట్టి నిజంగానే ఏనుగైపోతుంది, మందలో కలుస్తుంది, వెనకాల వయొలిన్లు.

రెండూ నాకు అబద్ధాలుగానే కనిపిస్తాయి. మొదటిది "నీకిచ్చిన పని నువ్వు చేసుకో, ఎక్కువ మాట్లాడకు" అనే పాత మాటే, కాస్త మర్యాదగా చెప్పారంతే. రెండోది మోటివేషన్ క్లాసుల సరుకు. గట్టిగా అనుకుంటే అయిపోతావట. గట్టిగా అనుకుని కూడా కానివాళ్లు ఎంతమందో అమీర్‌పేట హాస్టళ్లలో అడిగితే చెబుతారు. తనని తాను తెలుసుకోవడం మీద సినిమా తీయొచ్చు, తీయాలి కూడా, నేను తీస్తున్నదీ అదే. కానీ దాన్ని చివర్లో దొరికే జవాబులాగా చూపిస్తే అది మోడల్ పేపర్ అవుతుంది. చిన్నపిల్ల వేసిన బొమ్మలో జవాబులుండవు. చూసిన వస్తువులుంటాయి, వాటిని కలుపుతూ పైపులుంటాయి. దానికి పెద్దవాళ్ల అర్థం అతికించే బదులు, అది నిజంగా నడిస్తే ఏమవుతుంది, ఆ నడక ఖర్చు ఎవరి మీద పడుతుంది అని లెక్క కట్టడమే యానిమేటర్ చేయాల్సిన పని అని నా వాదన.

ముందు ఆ బొమ్మ సంగతి చెప్పాలి. మాది హైదరాబాద్‌లో షాలిబండ వైపు. ఆషాఢంలో గోల్కొండలో మొదలైన బోనాలు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి దగ్గర జరిగి చివరికి మా పాతబస్తీకి వస్తాయి. ఆదివారం బోనాలు, సోమవారం ఘటాల (అమ్మవారి కలశాల) ఊరేగింపు. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వస్తుంది. ఆ రోజు పిల్లల్ని కింద జనంలోకి వదలకుండా డాబా మీదికి తోలేసేవాళ్లు, కాబట్టి నేను చూసిన మొదటి ఏనుగుని పైనుంచి చూశాను. పైనుంచి చూస్తే ఏనుగు ఏనుగులా ఉండదు. కాళ్లు సరిగా కనపడవు, తొండం చివర అసలే కనపడదు, కప్పిన జరీ గుడ్డ అంచుల్లోంచి గుండ్రటి పెద్ద నల్లటి ఒళ్లు, దాని మీద ముడతలు. నా పక్కనే మా ట్యాంకు. అదీ నలుపే, గుండ్రమే, చుట్టూ గాట్లు గాట్లుగా ముడతలున్నదే. ఏనుగు నెత్తిన ఏదో మోస్తోంది, ట్యాంకు కడుపులో ఏదో మోస్తోంది. మొహర్రంకి ఊరేగించే పవిత్ర చిహ్నం బీబీ కా ఆలం మోసే ఏనుగూ, బోనాలకి ఘటం మోసే ఏనుగూ ఒకటేనని మా గల్లీ పిల్లలందరం నమ్మేవాళ్లం, అంటే మా లెక్కలో ఏనుగు అనేది పండక్కి బరువులు మోసే ఉద్యోగి.

ఇంటికొచ్చి పాత క్యాలెండర్ కాగితం వెనక ఏనుగు-ట్యాంకు వేశాను. దానికి మూడే కాళ్లు, ఎందుకంటే ట్యాంకు కింద ఇనుప స్టాండుకి నేను నిలబడ్డ చోటునుంచి మూడే కనపడేవి. తొండం స్థానంలో పైపు. ఆ పైపు వంకర తిరిగి కాగితం అంచుదాకా వెళ్లి ఆగిపోతుంది. అసలు పైపు కూడా అంతే కదా, పిట్టగోడ దాటి కిందికి దిగి వంటింటి నల్లాలోకి పోతుంది. సగం వేశాక నల్ల స్కెచ్ పెన్ను ఎండిపోయింది, మిగతా సగం నీలంతో నింపేశాను. అమ్మ దాన్ని నా ప్రోగ్రెస్ కార్డులతో పాటు బీరువాలో దాచింది కాబట్టి మిగిలింది.

ఇక్కడ ఒక మాట. చిన్నతనం స్వచ్ఛమైనది, మనలోని పసిపాపని నిద్రలేపాలి, లాంటి మాటలు నాకు పడవు. ఆ బొమ్మ వేసిన పిల్ల స్వచ్ఛమైనదేమీ కాదు, అక్క స్కెచ్ పెన్నులు అడక్కుండా తీసుకుని మూతలు పెట్టకుండా వదిలేసే రకం. కానీ చూపు మాత్రం నిక్కచ్చి. మూడు కాళ్లు కనపడితే మూడే వేసింది, నాలుగోది ఉండాలి కదా అని తెచ్చి పెట్టలేదు. ఆ నిక్కచ్చితనం తర్వాత చదువులో పోతుంది. మా నగరంలో పిల్లలు తమని తాము తెలుసుకునే వయసు పదో తరగతి ఫలితాల మర్నాడు మొదలై ఇంటర్ అప్లికేషన్ నింపేసరికి ముగిసిపోతుంది. లెక్కలు వస్తే ఎంపీసీ, రాకపోతే బైపీసీ. బొమ్మలు వేసే పిల్లకి ప్రత్యేకమైన సలహా ఒకటుంది: "బైపీసీ ఇప్పించండి, రికార్డులు బాగా రాస్తది." బొద్దింక జీర్ణవ్యవస్థని నేను నిజంగానే చాలా బాగా వేశాను. ఆ తర్వాత మాసాబ్ ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్‌కి వెళ్లాను (ట్యాంకు సినిమా తీసే మనిషి చదివింది కూడా ట్యాంకులోనే అని స్నేహితులు ఏడిపిస్తుంటారు). అది ఎలా కుదిరిందో కాసేపట్లో చెబుతాను, ఎందుకంటే సినిమా మలుపు తిరిగింది అక్కడే.

హైదరాబాద్‌లో యానిమేషన్ అంటే చాలామందికి గుర్తొచ్చేది ఛోటా భీమ్. 2008లో టీవీకొచ్చిన ఆ లడ్డూల పిల్లాడు తయారైంది ఈ ఊళ్లోనే. కానీ ఈ ఊళ్లో మాలాంటివాళ్లు ఎక్కువగా చేసేది వేరేవాళ్ల బొమ్మలకి పని. ఎక్కడో ఎవరో పాత్రని డిజైన్ చేసి మోడల్ షీట్ పంపిస్తారు, ముఖ్యమైన భంగిమలు 'కీ' బొమ్మలుగా వస్తాయి, వాటి మధ్య బొమ్మలు మనం నింపుతాం, గీతలు క్లీనప్ చేస్తాం. మోడల్ షీట్‌లో చెవి ఎంత ఉంటే అంతే ఉండాలి. ఇదేమీ చిన్నచూపు చూసే పని కాదు, చెయ్యి తిరిగేది ఇక్కడే. కాకపోతే ఇన్నేళ్లు ఆ పనిలో ఉంటే చేతికి సరిదిద్దే రోగం పట్టుకుంటుంది. నా చిన్నప్పటి బొమ్మని స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టగానే మా టీమ్‌లో చిన్నవాడు చేసిన మొదటి పని నాలుగో కాలు వేయడం. "అక్కా, వాక్ సైకిల్ ఈజీ అవుద్ది" అన్నాడు. వాక్ సైకిల్ అంటే మళ్లీ మళ్లీ తిప్పి వాడుకునే ఒక విడత నడక. మాట నిజమే. రెఫరెన్సులు కూడా బోలెడు దొరుకుతాయి, ఏనుగు నడకని ఫ్రేము ఫ్రేముగా విడగొట్టిన వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. నేను ఒప్పుకోలేదు, మొండితనంతో కాదు, మూడు కాళ్లతో ఏమవుతుందో చూడాలనిపించింది.

ఏమవుతుందో చూడండి. నాలుగు కాళ్ల జంతువు మెల్లగా నడిచేటప్పుడు ఒక కాలు లేపినా మూడు నేల మీదే ఉంటాయి, బరువు ఆ మూడింటి మధ్య నిలుస్తుంది. ఏనుగు మరీ జాగ్రత్త మనిషి. వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి, ఇదీ వరస, ఎంత తొందరలో ఉన్నా నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లోకి లేవవు. మూడు కాళ్లదానికి ఈ వెసులుబాటు లేదు. ఒకటి లేపితే మిగిలేవి రెండు. వాటి మీద నిలవాలంటే బరువంతా ఆ రెంటినీ కలిపే గీత మీదికి రావాలి, అక్కడ ఎక్కువసేపు ఉండదు కూడా, కాబట్టి ప్రతి అడుగుకీ ముందు ఒక పక్కకి ఒరగాలి, నిజంగానే కాస్త పడాలి, పడుతుండగానే మూడో కాలు వచ్చి ఆనాలి. అంటే మూడు కాళ్ల ట్యాంకు పడకుండా నడవలేదు. పాత్ర స్వభావం ఏంటని ఎన్ని పేజీలు రాసుకున్నా ఇంత స్పష్టంగా వచ్చేది కాదు. నాలుగో కాలు పెట్టి ఉంటే మంచి వాక్ సైకిల్ వచ్చేది, పాత్ర మాత్రం పోయేది.

తర్వాత బరువు. యానిమేషన్ తెలియనివాళ్లకి చెబుతున్నా, బరువు అనేది బొమ్మలో ఉండదు, సమయంలో ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు. ఆ లెక్కన ఆరు నిమిషాలకి 4,320. బరువైనది కదలడానికి ఎక్కువ బొమ్మలు తీసుకుంటుంది, ఆగడానికి ఇంకా ఎక్కువ. డిస్నీలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో పుస్తకంగా రాసిన 12 సూత్రాల్లో మొదటిది వస్తువు నొక్కుకోవడం, సాగడం గురించి; కిందపడ్డ బంతి చప్పగా అయి మళ్లీ లేస్తుంది చూడండి, అది. మా ట్యాంకు గట్టి ప్లాస్టిక్. నొక్కుకోదు, సాగదు. నొక్కి సాగదీస్తే ముద్దుగా ఉంటుంది గానీ బెలూన్ అయిపోతుంది. కాబట్టి దాని బరువు చెప్పడానికి మిగిలినవి సమయమూ, చుట్టుపక్కల వస్తువులూ: వంగే స్టాండు, మెట్ల అంచున రాలే సున్నం. 500 లీటర్ల ట్యాంకులో నిండా నీళ్లుంటే అర టన్ను. పెద్ద ఆడ ఏనుగు సుమారు 3 టన్నులు. అంటే మా ట్యాంకు ఏనుగుల్లో పిల్లది.

ఇక అసలు మజా నీళ్లది. నిండుకుండ తొణకదంటారు, అది భౌతికశాస్త్రం ప్రకారం కూడా నిజమే. అంచుదాకా నిండిన ట్యాంకులో నీళ్లకి కదిలే జాగా ఉండదు. ఖాళీదాంట్లో కదలడానికి నీళ్లే ఉండవు. సగం నిండినదే ప్రాణం తీసేది. ట్యాంకు ఇటు ఒరిగితే నీళ్లు కాస్త ఆలస్యంగా ఇటొస్తాయి, గోడకి కొట్టుకుని వెనక్కి పోయేలోపు ట్యాంకు అటు ఒరుగుతుంటుంది. నీళ్ల లారీలు నడిపేవాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, సగం లోడుతో మలుపు తిప్పడం ఎంత కష్టమో వాళ్లకే తెలుసు. తొట్టెల లోపల అడ్డుపలకలు పెట్టేది ఈ ఊపు ఆపడానికే. మనం సామెతలో నిండుకుండని మెచ్చుకుంటాం, తనని తాను తెలుసుకునే సినిమాలన్నీ చివర్లో దాన్నే చూపిస్తాయి: ప్రశాంతమైన ముఖం, కొండ మీద నిలబడటం, గాలికి ఎగిరే జుట్టు. నడిచేది మాత్రం ఎప్పుడూ సగం కుండే. అందుకే నా ఆరు నిమిషాల్లో దాదాపు నాలుగు నిమిషాలు ట్యాంకు సగమే నిండి ఉంటుంది. ఆ నలుపు-నీలం హద్దు నీటిమట్టంలా ఉంది కదా అని చూసినవాళ్లు అంటారు. అది పెన్ను ఎండిపోవడం అంతే. రంగులు మాత్రం అలాగే ఉంచాను.

నిండు నుంచి సగానికి, సగం నుంచి ఖాళీకి ఎలా వస్తుంది? దీని జవాబు కూడా క్యాలెండర్ కాగితం మీదే ఉంది. తొండం ఇంటికి అతికి ఉంది! పీవీసీ పైపు సాగదు, కాబట్టి ట్యాంకు కదిలితే ఎక్కడో జాయింట్ ఊడాలి. ఊడిన తొండంలోంచి నీళ్లు కారతాయి. కారుతూనే నడుస్తుంది. షాలిబండ, చార్మినార్, నయాపూల్, ఊరేగింపు పోయిన దారంతా ఒక నీటిగీత. షాట్ షాట్‌కీ బరువు తగ్గుతుంది, నడక మారుతుంది, నేను గడియారం పెట్టక్కర్లేకుండానే సినిమాకి గడియారం వచ్చింది. ఇంతవరకూ నాకు చాలా సంతోషంగా ఉండేది. ఇదంతా స్టోరీబోర్డుగా వేసి, వాటికి సమయాలు పెట్టి, యానిమాటిక్ అంటాం మేం, కచ్చా వీడియో లాంటిది, అది తయారుచేసి అక్క కూతురికి చూపించాను. మూడో తరగతి. శ్రద్ధగా చూసి, ట్యాంకు చార్మినార్ దాటుతుండగా ఒకటే అడిగింది:

"చిన్నమ్మా, నీళ్లన్నీ పోతున్నయ్ కదా, ఇంట్ల అమ్మకి నీళ్లెట్ల?"

మెసేజ్ ఏంటని అడగలేదు చూడండి. ట్యాంకు ఏనుగవుతుందా లేదా అనీ అడగలేదు. వీళ్లింట్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, మోటరు వేయడం మరిచిపోతే ఏమవుతుందో దానికి తెలుసు. నిర్మాతలతో, ఫెస్టివల్ మనుషులతో మాట్లాడిన మాటలన్నిట్లోనూ నాకు ఇంత పనికొచ్చిన ప్రశ్న తగల్లేదు.

ఎందుకంటే నేను ఫైన్ ఆర్ట్స్ ఎలా చదివానో చెబుతానన్నాను కదా. అక్క డిగ్రీ అవగానే ఉద్యోగంలో చేరింది కాబట్టి చదివాను. నా ఫీజులు, కాన్వాసులు, చివరి ఏడాది కొన్న కంప్యూటర్, అన్నీ ఆ జీతంలోంచే. అక్కకి ఏమవ్వాలని ఉండేదో ఇంట్లో ఎవరైనా అడిగినట్టు గుర్తులేదు. ఇందులో కన్నీళ్లేం లేవు, మా అక్క త్యాగమూర్తి ఫొటోలో ఇమిడే మనిషి కాదు, ఇప్పటికీ నెల నెలా "నా పైసలు ఎప్పుడిస్తవ్" అని సతాయిస్తుంది. కానీ నన్ను నేను తెలుసుకున్న ఆ నాలుగేళ్లూ ఎవరి నీళ్లు కారాయో నాకు తెలుసు. ఈ లెక్క మన సినిమాల్లో కనపడదు. హీరో బ్యాగు తగిలించుకుని హిమాలయాలకి పోతాడు, ఆ నెల ఇంటి అద్దె ఎవరు కట్టారో ఎవరూ చూపించరు. హీరోయిన్ పెళ్లిపీటల మీదనుంచి లేచి వెళ్లి తన కలని వెతుక్కుంటుంది, మంచిదే, కానీ ఇంట్లో మంచం పట్టిన నాయనమ్మకి ఆ పూట అన్నం ఎవరు పెట్టారు? వెళ్లొద్దని నేననడం లేదు. నేను వెళ్లినదాన్నే. వెళ్లడాన్ని ఫ్రీగా చూపించొద్దంటున్నాను.

మా టీమ్ కుర్రాడు, నాలుగో కాలు వేసినవాడే, ఇంకో అడుగు ముందుకెళ్లాడు. వాళ్ల బస్తీలో చిన్నప్పుడు నీళ్ల ట్యాంకర్ అర్ధరాత్రి వచ్చేదట, బిందెలు లైన్లో పెట్టి పిల్లల్ని కాపలా కూర్చోబెట్టేవారట. "అక్కా, మే నెలలో ఒక ట్యాంకు తనేంటో తెలుసుకోవడానికి రోడ్డంతా నీళ్లు పారబోస్తే నాకు జాలి రాదు, కోపమొస్తది" అన్నాడు. నేను ఆ కోపాన్ని తీసేయడానికి ఏం చేయాలా అని కొన్నాళ్లు ఆలోచించాను, అందులో కారిన నీళ్లు కుక్కలు తాగుతాయి, మొక్కలు మొలుస్తాయి లాంటి తీపి ఉపాయాలు కూడా ఉన్నాయి. అన్నీ తీసేశాను. చూసేవాడికి కోపం రావాలి, వస్తూనే ట్యాంకు ఇంకో అడుగు వేస్తే పడిపోకుండా ఉంటే బాగుండుననిపించాలి. రెండూ ఒకేసారి. అందుకని ఇప్పుడు సినిమా మధ్య మధ్యలో ఇంటికి వెళ్తుంది: ఎండిన నల్లా, కింద సంపులోంచి బిందెతో నీళ్లు తోడి మెట్లెక్కుతున్న పెద్దమ్మాయి. ఆమె ముఖంలో నింద పెట్టలేదు, బిందె బరువు మాత్రం ట్యాంకుకి పెట్టినంత శ్రద్ధగా పెట్టాం. ఇందులో ఎవరు కథానాయకి అనేది ఎడిటింగ్‌లో ఇంకా తగువే.

చూసేవాళ్లకి తెలియకపోయినా నాకు తెలిసిన విషయం ఇంకొకటుంది. 1908 వరదల తర్వాత మూసీని అదుపు చేయడానికి కట్టిందే గండిపేట చెరువు, 1920లో పూర్తయింది. ఆ నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదలరనేది మా ఊరి డాంబికం. ఇప్పుడు నగరం తాగేవి ఎక్కువగా కృష్ణా, గోదావరి నీళ్లు, కృష్ణ అయితే వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఎత్తిపోస్తే వస్తుంది. ఘటాల ఊరేగింపు ముగిసేది నయాపూల్ దగ్గర మూసీలో. మా ట్యాంకు ఆ వంతెన మీద నిలబడితే తొండంలోంచి కారే నీళ్లు మూసీలో పడతాయి, మూసీ పోయి వాడపల్లి దగ్గర కలిసేది మళ్లీ కృష్ణలోనే. అంత ఖర్చుపెట్టి తెచ్చుకున్న నీళ్లు తిరిగి అక్కడికే! దీన్ని సినిమాలో ఎక్కడా చెప్పడం లేదు. చెబితే డాక్యుమెంటరీ అవుతుంది. కానీ ఆ షాట్‌లో నీళ్లు ఎటు పారాలో గీసేటప్పుడు చెయ్యి తడబడకుండా ఉండటానికి పనికొచ్చింది.

వంతెన దగ్గరే ట్యాంకు ఏనుగుని కలుస్తుంది. ఇక్కడ ఏదో పెద్ద గుర్తింపు జరుగుతుందని అందరూ ఎదురుచూస్తారు. ఏనుగుకి దాహం వేస్తోంది. రోజుకి వంద లీటర్లకు పైగా నీళ్లు తాగే జంతువు, పొద్దున్నుంచీ జనం మధ్య నడిచింది, నెత్తిన ఎవరిదో బరువు. ట్యాంకు మూత తోసి, ఎముకలేని అసలు తొండం లోపలికి పెట్టి, మిగిలిన నీళ్లు తాగేస్తుంది. నువ్వూ మాలో ఒకదానివే అని చెప్పదు, ట్యాంకువి అని వెక్కిరించదు. తాగి వెళ్లిపోతుంది, దానికి డ్యూటీ ఉంది. ఖాళీ అయిన ట్యాంకుకి ఇప్పుడు గాలి వేస్తే నిలబడటమే కష్టం, దొర్లుకుంటూ ఇంటికొస్తుంది. మర్నాడు ప్లంబర్ వచ్చి "ఎవరు తొక్కిన్రు దీన్ని" అని తిట్టుకుంటూ కొత్త జాయింట్ వేస్తాడు. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఎందుకు తిరిగి రావాలి, ఇది ఓటమి కదా అని ఒకరు, ఇంటి విలువ తెలుసుకుంది, సూపర్ అని ఇంకొకరు. రెండూ కావు. పైపు మిగతా ముక్క అక్కడే ఉంది కాబట్టి వచ్చింది. మళ్లీ వెళ్లదని కూడా నేను ఎక్కడా అనలేదు.

శైలి గురించి వచ్చే సలహా ఒకటి త్వరగా తేల్చేస్తాను. చేర్యాల నకాశీ బొమ్మల పద్ధతిలో చేయండి, ఎర్ర నేపథ్యం, బయటి దేశాల ఫెస్టివల్స్‌లో బాగా పోతుంది, అంటారు. చేర్యాల పటాలంటే నాకు చాలా ఇష్టం. గుడ్డకి చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి, మీటర్ల పొడవున కథ వేసి, పటం విప్పుతూ పాడుతూ చెప్పే కళ అది. మనకి సినిమా రాకముందే ఫ్రేము తర్వాత ఫ్రేము చూడటం నేర్పింది. కానీ ఆ పటాలు ఒక్కో కులం తన పుట్టుక కథని తన కథకుడితో చెప్పించుకునేవి, ఆ ఎరుపుకి ఒక ఇల్లుంది. బయటివాళ్లకి మన ముద్ర కనపడాలని దాన్ని తెచ్చి నా ట్యాంకు వెనక వేలాడదీస్తే ఎయిర్‌పోర్ట్ గోడలా ఉంటుంది. మా డాబా మీద నాకు కనపడిన రంగులు వెల్లవేసిన సున్నం, కేబుల్ వైర్ల నలుపు, ఆరేసిన చీరలు. అవే ఉంటాయి.

మాటలు లేవు. మాటలు లేకుండా సినిమా నిలబడదన్నవాళ్లకి లాత్వియాలో గింట్స్ జిల్‌బలోదిస్ తీసిన 'ఫ్లో' చూడమంటాను, ఒక్క డైలాగ్ లేని ఆ పిల్లి సినిమాకి 2025లో ఆస్కార్ వచ్చింది, తయారైంది ఎవరైనా ఉచితంగా దించుకోగల బ్లెండర్‌లో. మేమూ బ్లెండర్, బొమ్మలు గీయడానికి క్రితా వాడుతున్నాం, డబ్బులు ఖర్చయ్యేది సాఫ్ట్‌వేర్ మీద కాదు, మనుషుల నెలల మీద. ఆ సినిమాలో కాపీబరాకి (పెద్ద ఎలుకలాంటి జంతువు) అసలు గొంతు నప్పక పిల్ల ఒంటె గొంతు పెట్టారు. నా ట్యాంకుకి అసలు గొంతే కావాలి. మా అమ్మమ్మ వంటింట్లో కూర్చునే "మోటర్ బంద్ చెయ్యి, నిండింది" అనేది, ట్యాంకు నిండేకొద్దీ అందులో నీళ్లు పడే చప్పుడు సన్నబడుతుంది కాబట్టి. ఖాళీ ట్యాంకుని కొడితే మోగుతుంది, నిండినది మొద్దుగా పలుకుతుంది, సగందాంట్లో పైన ఒక శబ్దం కింద ఒక శబ్దం. ఏనుగులు మన చెవికి అందనంత లోతుగా మాట్లాడుకుంటాయి, దానికి దగ్గరగా వచ్చేది ఖాళీ ట్యాంకు లోపలి గాలి మూలుగే. కంప్యూటర్‌లో దొరికే శబ్దాలన్నీ పెట్టి చూశాం, ఏవీ కుదరలేదు. స్టూడియోకి ఒక ట్యాంకు తెచ్చి, మైకు లోపలికి దించి, నింపుతూ ఖాళీ చేస్తూ రికార్డు చేయాలి, ఆ నీళ్లని మళ్లీ సంపులోకే వదిలే ఏర్పాటు కూడా చూశాం. కొత్త ట్యాంకుల ప్లాస్టిక్ వేరేగా పలుకుతోంది. కాబట్టి హైదరాబాద్‌లో ఎవరి డాబా మీదైనా వాడకుండా పడేసిన పాత నల్ల ట్యాంకు, 500 లీటర్లది, ఉంటే చెప్పండి. దింపడానికి మనుషుల్ని, ట్రాలీ ఆటోని నేనే మాట్లాడుకుంటాను. మూత లేకపోయినా పర్లేదు, పగిలింది మాత్రం వద్దు.